చప్పిడి మొక్కు

డాక్టరు ఉప్పు తగ్గించుమన్నడు. నేను మాన్పిచ్చిన. ఈ రెండు మాటల నడుమ మా అత్తమ్మ పానం ఎట్ల ఇరుక్కున్నదో రాద్దామని కూసున్న.

నాకు రాసుడు నేర్పింది గూడ ఆమెనే. మా అవ్వకు నా తర్వాత నలుగురు పుట్టిండ్రు. వాళ్లను సంకల వేసుకొని తిరుగుడుతోనే నా బడి వయసు అయిపోయింది. పెండ్లయి మంథనికి వచ్చేనాటికి నాకు సంతకం రాదు. పొద్దుగాల పూజ అయినంక అత్తమ్మ చాటల బియ్యప్పిండి పరిచి, నా వేలు పట్టి దిద్దిచ్చేది. "సిగ్గువడకు పిల్లా. ఇంట్ల నేనే పంతులమ్మను, నేనే పిల్లగాండ్లను కొడత" అని నవ్వేది. ఒక్కనాడు గూడ కొట్టలే. రెండేండ్లకు పేపరు చదివిన. తర్వాత పురాణం చదివి ఆమెకే వినిపిచ్చిన. పొద్దుమూకి దీపం పెట్టినప్పుడు ఆ దినం జరిగిన మంచి ఒక్కొక్కటి తలుసుకొని దేవునికి దండం పెట్టే అలవాటు నాకున్నది. ఇరువై ఏండ్లల్ల అత్తమ్మ పేరు రాని దినం లేదు.

ఆ ఎండకాలం ఆమెకు బీపీ పెరిగింది. ఊర్ల డాక్టరు చీటీ రాసిచ్చి, "ఉప్పు తగ్గియ్యాలె. ఈ గోలి రోజూ పొద్దుగాల ఒకటి. దీంతోని మూత్రం ఎక్కువైతది, భయపడకుండ్రి. ఎండలు గట్టిగున్నయి, నీళ్లు తాగుండ్రి" అన్నడు. నేను పక్కనే ఉన్న, అత్తమ్మ ఉన్నది, నా పెనిమిటి గడప కాడ నిలబడ్డడు. ముగ్గురం ఇన్నం.

ఇంటికొచ్చినంక నాకు మనసున పట్టలే. తగ్గిచ్చుడు అంటే ఎంత? చిటికెడా, అర చిటికెడా? సగం మాట మీద భక్తి నిలవది అనిపిచ్చింది. ఎములాడ రాజన్న పటం ముంగట నిలబడి మొక్కిన: నలువై ఒక్క దినాలు ఇంట్ల పొయ్యి మీద ఉప్పు పడది, మా అత్తమ్మకు నెమ్మది చెయ్యి తండ్రీ. శనివారం ఒక్కపొద్దు ఉన్ననాడు చప్పిడి తినుడు మాకు అలవాటే. ఆ ఒక్క దినాన్ని నలువై ఒకటి చేసిన, అంతే అనుకున్న.

అత్తమ్మకు చెప్తే మూతి తిప్పింది. "నువ్వు మొక్కుతవు, నా నోరు కడతవు. మంచిగున్నదే నీ యవ్వారం."

"నేను గూడ తినను గదా అత్తమ్మ."

"నీకేందే, నువ్వు మట్టి పెట్టినా తింటవు."

నా పెనిమిటి అందుకున్నడు. "అవ్వా, నాకు మొక్కులేదు. నేను పొలం కాడ తొక్కు ముద్ద తినే వస్త."

"తిను బిడ్డా, దేవుడు నిన్ను ముందే ఇడిచిపెట్టిండు" అన్నది ఆమె. ముగ్గురం నవ్వినం. దేవుని మాట అంటే ఆమె కాదనది. ఆ ఏడు మామిడికాయ తొక్కు గూడ పెట్టలే.

చప్పిడి జొన్న గట్క, చప్పిడి పప్పు, చప్పిడి మజ్జిగ. గట్క నోట్లకు పోకపోతే నీళ్లతోని మింగేది. ఆమె మంచం పక్కన రాగి చెంబు పెట్టి, ఖాళీ అయిన ప్రతిసారి నింపేదాన్ని. ఎన్ని చెంబులు తాగితే అంత మంచి జరుగుతున్నట్టు నాకు సంబరం. ఎండకు చెమట కారేది. గోలికి మూత్రం పోయేది. పోయిన దాంతోని ఉప్పు పోతున్నది, వచ్చేదాంట్ల ఉప్పు లేదు. అది నాకు కనవడలే. కనవడ్డదల్ల బీపీ. వారానికొకసారి వచ్చి చూసే నర్సమ్మ "మస్తు దిగింది, మంచిగ చూస్తున్నవు" అన్నది. ఆ పొద్దుమూకి దేవునికి రెండుసార్లు దండం పెట్టిన.

మూడు వారాలు దాటినంక ఆమెకు తల నొస్తున్నదన్నది. ఎండ అనుకున్న, నీళ్లు తాగిచ్చిన. వాంతి చేసుకున్నది. పైత్యం అనుకున్న, ఇంకిన్ని నీళ్లు తాగిచ్చిన. తెల్లారి తల ఇంకా నొచ్చింది. నేను ఇంకో చెంబు నింపిన. రోగం అడుగుతుంటే నేను అందిస్తున్న. మందు అనుకొని పోసిందే రోగాన్ని పెంచుతదని, ఆ పెరిగిన రోగం మళ్లొక చెంబు అడుగుతదని నాకు ఎవలు చెప్తరు?

తర్వాత ఆమె నడక చెదిరింది. గోడ పట్టుకొని నడిచేది. ఒకనాడు కుంకుమ డబ్బా తెచ్చి బియ్యంల వంపి కలుపుతున్నది. "ఏం చేస్తున్నరు అత్తమ్మ?" అంటే నా దిక్కు చూసి, "అక్కా, బావ ఇంకా రాలే?" అన్నది. ఆమె అక్క పోయి ఎన్నేండ్లయిందో నాకు తెల్వది.

పక్కింటి వదినె వచ్చి చూసి, "ఇది రోగం కాదు. గాలి సోకింది. ఆలస్యం చెయ్యకు, దిష్టి తియ్యి" అన్నది. మొక్కు రోజున మూతకట్టి పెట్టిన దొడ్డుప్పు డబ్బా తీసిన. గుప్పెడు ఉప్పు పట్టి అత్తమ్మ తల చుట్టు మూడుసార్లు తిప్పి పొయ్యిల వేసిన. చిటపట చిటపట పేలింది. "చూసినవా, ఎంత దిష్టి ఉన్నదో!" అన్నది వదినె. నేను కండ్లు మూసుకొని దండం పెట్టిన. ఆమెకు కావలసింది ఆమె మూతి ముంగట నుంచి మూడుసార్లు పోయింది. ఆ గుప్పిట్ల నుంచి ఒక్క పలుకు ఆమె నాలుక మీద రాలినా బాగుండు. రాలలే. నేను గుప్పిడి గట్టిగ బిగవట్టిన.

తెల్లారి పగటి అన్నం యాళ్లకు ఆమెకు ఫిట్సు వచ్చినయి. కండ్లు మీదికి పోయినయి, పండ్లు కరుసుకపోయినయి. నా పెనిమిటి పొలం కాడికెల్లి ఉరికొచ్చిండు. జీపు మాట్లాడి, పెద్దపల్లి మీదికెల్లి కరీంనగర్ దవాఖానకు తీసుకపోయినం. తొవ్వ పొడుగున ఆమె తల నా ఒడిల ఉండె. దేవుని పేరు తియ్యబోతే నోట్ల పేరు నిలవలే.

దవాఖానల ఒక చిన్న వయసు డాక్టరమ్మ చూసింది. రక్తం తీసింది, తలకు స్కానింగు చేపిచ్చింది, పాత చీటీ చూసింది. నన్ను పిలిచి అడిగింది.

"ఈ గోలీ రోజూ వేస్తున్నారా?"

"ఒక్కనాడు తప్పలే మేడం."

"ఉప్పు?"

నేను జర గర్వంగనే చెప్పిన. "మా ఇంట్ల ఉప్పు అన్నదే లేదు మేడం. ఇయ్యాలకు ముప్పై మూడు దినాలు."

ఆమె రాస్తున్న పెన్ను ఆగింది. "నీళ్లు?"

"మస్తు తాగిపిస్త. చెంబు ఖాళీ కానియ్య."

డాక్టరమ్మ తిట్టలే. తిట్టితే బాగుండు. చీటీ ఎనుకకు తిప్పి ఒక గుండ్రం గీసింది. "ఒంట్లో రక్తంలో ఉప్పు ఉంటుందమ్మా. దాన్నే సోడియం అంటాం. అది బాగా తగ్గిపోతే నీళ్లు రక్తంలో నిలవకుండా లోపలి కణాల్లోకి వెళ్లిపోతాయి. కణాలు ఉబ్బుతాయి. మెదడు కూడా ఉబ్బింది."

నాకు అర్థమైంది. అర్థం కాకుండ ఉంటే మంచిగుండు. మామిడికాయ ముక్కలకు ఉప్పు వట్టిస్తే ముక్కల నీళ్లు బయటికి ఊరుతయి, ముక్క ముడుసుకపోతది. ఆ పని చేతులార ఎన్నేండ్లు చేసిన! ఇక్కడ అది ఎనుకకు తిరిగింది. బయట ఉప్పు లేదు, నీళ్లు ముక్కలకు పోయినయి. చిన్న డబ్బాల శెనగలు నానవెడితే పొద్దుటికి మూత లేస్తది. తలకు లేచే మూత లేదు.

నా పెనిమిటి గోడకు ఆనుకొని అంత ఇన్నడు. డాక్టరమ్మ పోయినంక, నా దిక్కు చూడకుండనే అన్నడు. "నువ్వే చంపినవు కదనే మా అవ్వను."

అంతే. మనిషి అరిచేటోడు కాదు. మెల్లగనే అన్నడు.

నేను డాక్టరమ్మ ఎంబడి ఉరికిన. "మేడం, ఇప్పుడే ఉప్పెక్కియ్యుండ్రి. ఎంతైనా ఎక్కియ్యుండ్రి. నేను మొక్కు ఇడిచిన. దేవుని పాపం నాకు తగలనీ."

"మందు పెట్టాను. కానీ చుక్క చుక్కగా ఎక్కాలి. తొందరపడితే ఇంకా ప్రమాదం."

"తక్కువైతే పొయ్యాలె గదా! తొందరపడితే ప్రమాదమేంది?"

ఆమె ఆగింది. "ఒళ్లు గోలెం కాదమ్మా, తగ్గిందని నింపడానికి. అది ఊరికే పడి ఉండదు. మీరు ఉప్పు మానేసిన రోజు నుంచి ఆమె మెదడు సర్దుకుంటూ వస్తోంది. ఉబ్బకుండా ఉండాలని తనలో ఉన్నవి కొన్ని బయట పారేసుకుంది. ఇప్పుడు బయట ఒక్కసారే ఉప్పు పెంచితే, ఆ మెదడులో నీళ్లన్నీ గుంజుకుపోయి నరాల పైపొర దెబ్బతింటుంది. మాట పోవచ్చు, మింగుడు పోవచ్చు, కాళ్లు చేతులు పోవచ్చు. మనం ఒకటి చేసేలోపు అది ఇంకొకటి చేసి ఉంటుంది. దాని వెనుక మనం మెల్లగా నడవాలి, అంతే."

తప్పు చేసినంక దిద్దుకునుడు గూడ నా చేతిల లేదు. తొందరగ దిద్దితే అదో తప్పు. నాకు తెలిసిన పాపాలల్ల ఇసొంటిది లేదు. దేన్నైనా ఒప్పుకొని చెంపలేసుకుంటే దారి దొరుకుతదని నమ్మినదాన్ని. ఇక్కడ చెంపలేసుకునుడు ఎవలకు కావాలె?

కొన్ని గంటలకొకసారి రక్తం తీసేటోళ్లు. కాయితం వచ్చిన ప్రతిసారి ఇంత పెరిగింది, ఇంత పెరగలే అని మాట్లాడుకునేటోళ్లు. అత్తమ్మ కండ్లు తెరువలే. ఆ పొద్దుమూకి దీపం లేదు, పటం లేదు. మంచం పక్కన నిలబడి అలవాటు కొద్ది మంచి తలుసుకుందామని చూసిన. ఒక్కటి దొరుకలే. బతికి ఉన్నది గదా, అది తలుసుకో అని నాకు నేనే చెప్పుకున్న. ఆమెను ఈడికి తెచ్చిన చేతులే జోడిచ్చి ఏమని దండం పెట్టాలె? పెట్టలే.

రెండోనాడు పగలు నర్సు నాకొక పని చెప్పింది. మంచం కింద మూత్రం సంచి వేలాడుతుంటది. "ఇది నిండుతుంటే వెంటనే చెప్పుండ్రి, మేం కొలుసుకోవాలె. మీరు పారబోయకుండ్రి" అన్నది. సరే అన్న.

మధ్యాహ్నానికి సంచి నిండబట్టింది. పొద్దటిదాక చిక్కగ, కొంచెం కొంచెం వచ్చేది. ఇప్పుడు తేటగ, నీళ్లోలె, ధార కట్టినట్టు వస్తున్నది. నాకు పోయిన పానం తిరిగొచ్చింది. నేను చెంబులతోని పోసిన నీళ్లన్ని ఆ ఒళ్లే బయటికి పారబోస్తున్నది! ఎవలూ చెప్పకముందే తన పని తాను మొదలుపెట్టింది! ఇరువై నాలుగు గంటల తర్వాత మొదటిసారి నా చేతులు కలిసినయి. "నీ దయ తండ్రీ" అన్న. అత్తమ్మ చీర, దుప్పటి నలిగి ఉన్నయి. ఆమెకు శుభ్రం అంటే పానం. ఆ సంచి అట్ల నిండుగ పది మంది ముంగట వేలాడుడు ఆమెకు మానం కాదనిపిచ్చింది. తీసుకపోయి పారబోసిన. మళ్ల నిండింది. మళ్ల పారబోసిన. రెండోసారి గూడ దండం పెట్టుకున్న.

నర్సు వచ్చి సంచి చూసింది. "గింతే వచ్చిందా?"

"లేదు సిస్టరమ్మ, రెండుసార్లు నిండింది. నేనే పారబోసిన. మంచిగ పోతున్నది."

ఆమె మొహం మారిపోయింది. "పారబోసినవా? ఎంత? ఎప్పుడు?" అనుకుంటనే ఉరికింది. డాక్టరమ్మ వచ్చింది, రక్తం తీయిపిచ్చింది. కాయితం రాగానే ఎక్కుతున్న సీసా బంద్ చేసి ఇంకో సీసా పెట్టిపిచ్చింది. దాంట్ల ఏమున్నదని అడిగిన.

"నీళ్లు" అన్నది డాక్టరమ్మ. "గోలీ ఆగిపోయింది, కాస్త ఉప్పు అందింది. దాంతో ఒళ్లు ఒక్కసారి లేచి నీళ్లన్నీ తోసేస్తోంది. మనం అనుకున్నదానికంటే తొందరగా ఉప్పు పెరిగిపోయింది. మళ్లీ కిందికి తేవాలి. ముందే తెలిసి ఉంటే..." అని ఆగింది. నా మొహం చూసి ఆగింది.

నీళ్లు పోసి చంపవోయిన. నీళ్లు పోతుంటే దండం పెట్టుకుంట చంపవోయిన. ఇప్పుడు బతికిచ్చేతందుకు మళ్ల నీళ్లే ఎక్కిస్తున్నరు. ఏది మంచి, ఏది చెడు అని నేను ఇరువై ఏండ్లుగ దీపం కాడ ఏరి పెట్టుకున్నదంత కుప్పవోసినట్టయింది. నీళ్లు మంచియి కావు, చెడ్డయి కావు. ఎప్పుడు, ఎంత, అంతకుముందు ఏమైంది, తర్వాత ఏమైతది, ఇవన్ని కలిస్తేనే అవి మంచో చెడో అయితయి. నేను ఆ కలిసిన దాంట్ల ఒక్క పోగు వట్టి గుంజినదాన్ని.

"దెబ్బ తగిలిందా లేదా మేడం?"

"ఇప్పుడే తెలీదమ్మా. ఈ దెబ్బ తగిలితే కొన్ని రోజులాగి బయటపడుతుంది. ముందు బాగైనట్టే ఉంటుంది. వారం దాకా చూడాలి."

ఆ వారం ఎట్ల రాయాలె? మూడోనాడు కండ్లు తెరిచింది. నా పెనిమిటి "అవ్వా" అంటే తల తిప్పింది. పక్క మంచాలోళ్లు "గండం గడిచింది" అని నా భుజం తట్టిండ్రు. నేను నవ్వలే. బాగైనట్టే ఉంటది అన్న మాట నా చెవుల్ల ఉన్నది. నాలుగోనాడు "నీళ్లు" అన్నది. ఆ ఒక్క మాట మంచిగనే అన్నదా, ముద్దగ అన్నదా అని నేను లోపల్లోపల వందసార్లు అనుకొని చూసుకున్న. ఐదోనాడు డాక్టరమ్మ చెంచతోని నీళ్లు పోసి మింగుమన్నది. నేను, నా పెనిమిటి, నర్సు ముగ్గురం ఆమె గొంతు దిక్కే చూస్తున్నం. గొంతు మీదికి లేచింది, కిందికి దిగింది. పొలమారలే.

"ఏందే... అందరు... నా గొంతు జూస్తుండ్రు" అన్నది అత్తమ్మ. "మెడల గొలుసు... కొట్టేద్దామనా?"

నర్సు కిసుక్కున నవ్వింది. నా పెనిమిటి బయటికి పోయి గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు. నాకు నవ్వు రాలే. ఆమె మాట ముద్దగ వచ్చింది. నాలుక బరువుగ తిరిగింది. నేను డాక్టరమ్మ మొహం చూసిన. ఆమె గూడ నవ్వుతలేదు.

ఏడోనాడు తేలింది. దెబ్బ తగిలింది, అయితే పెద్దది కాదన్నరు. మాట ముద్దగనే ఉంటదా, సరిజేసుకుంటదా చెప్పలేమన్నరు. ఎడమ కాలు చెప్పినట్టు ఇంటలేదు. "మెదడు తొవ్వలు వెతుక్కుంటుంది. దొరకవచ్చు, దొరకకపోవచ్చు" అన్నది డాక్టరమ్మ.

ఆ మాట ఇన్నంక ఇంక దాయలేకపోయిన. పగటి పూట, నా పెనిమిటి మందులకు పోయిండు. మంచం పట్టె మీద కూసొని అత్తమ్మ చెయ్యి పట్టుకున్న.

"అత్తమ్మ, ఇదంత నేను చేసిందే. డాక్టరు తగ్గించుమన్నడు. మాన్పిచ్చింది నేను. సంచి పారబోసింది గూడ నేనే. గాలి కాదు, దిష్టి కాదు."

ఆమె నా దిక్కు తిరిగింది. నోరు తెరిచింది, మాట అందలే. మూసుకొని మళ్ల తెరిచింది. నేను ఆ మాట కోసం ఉరిశిక్ష ఇనేటోళ్లోలె కూసున్న.

"నేను... ఇనలేదానే?" అన్నది. "నాకు గూడ... చెవులున్నయి. తగ్గించుమన్నడని... నాకు ఎర్కనే."

"మరి ఎందుకు చెప్పలే అత్తమ్మ?"

"దేవుని మాట... ఎట్ల కాదంట?" ఊపిరి తీసుకున్నది. "నువ్వు మొక్కినవు. నీ మొక్కు... పాడుచేస్తే... నీకేమన్న అయితదని... భయమైంది."

నా కోసమని ఆమె నోరు మూసుకున్నది. ఆమె కోసమని నేను ఆమె నోరు కట్టిన. ఇద్దరం ఒక్క దేవునికే భయపడ్డం, ఒక్క ఇంట్ల, ఒక్కరినొకరం అడుగకుండ. నాకు ఏడుపు గూడ రాలే. క్షమిచ్చిందో లేదో అడిగే మొహం లేదు, ఆమె చెప్పలే.

దుప్పటి పక్కకు జరిపి, "పిల్లా... లేపు. బయటికి... పోవాలె" అన్నది. చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టిన. కుడి కాలు పడ్డది. ఎడమ కాలు కదలలే. ఆమె ఆ కాలి దిక్కే చూస్తున్నది, పరాయి వాళ్ల కాలును చూసినట్టు. నేను వంగి దాన్ని ముంగటికి జరుపబోయిన. తలుపు కాడ నర్సు అన్నది: "గుంజకుండ్రి. ఆగుండ్రి. దానంతటదే రావాలె."

చేతులు వెనుకకు తీసుకున్న. ఆమె బరువంత నా మీద ఉన్నది. ఏం చెయ్యకుండ నిలబడుడు ఇంత కష్టమని నాకు అప్పటిదాక తెల్వది. ఆమె ఊపిరి నా మెడకు తగులుతున్నది. ఇద్దరం కిందికి, ఆ పాదం దిక్కు చూసుకుంట అట్లనే నిలబడ్డం.